రోజుకు ఒక మిల్లీమీటరు

గుర్రానికి కాలర్ ఎముక లేదు. మనిషికి భుజాన్ని ఛాతీ ఎముకతో కలిపి ఉంచే ఆ సన్నటి కమ్మీ గుర్రంలో కనిపించదు. ముందుకాళ్లు రెండూ మొండేనికి కండరాలతోనే అతుక్కుని ఉంటాయి. ఒంటి బరువులో 60 శాతం దాకా మోసేవి కూడా ఆ కాళ్లే. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రం సుమారు 450 నుంచి 500 కిలోలు తూగుతుంది. అంటే ఊరికే నిలబడి ఉన్నప్పుడే ఒక్కో ముందుకాలి మీద 135 నుంచి 150 కిలోలు పడుతుంది.

ఇంత బరువు మోసే భుజం కీలుకు పక్కల ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే గట్టి స్నాయువులు ఉండాలి కదా? లేవు. భుజం పలక మీద గట్టులాంటి ఎముకకు ముందొకటి, వెనకొకటి ఉండే రెండు కండరాలే కీలు పక్కకు జారకుండా పట్టి ఉంచుతాయి. ఆ రెండింటికీ ఆజ్ఞలు తెచ్చేది ఒకే ఒక్క నాడి, పేరు సుప్రాస్కాపులర్ నాడి. మెడ వెన్నుపూసల దగ్గర బయలుదేరి, భుజం పలక ముందు అంచును చుట్టి వెళ్తుంది. ఆ మలుపు దగ్గర అది దాదాపు ఎముకను ఆనుకునే ఉంటుంది. ఇంకో గుర్రం తన్నినా, పరుగులో గేటు స్తంభానికి గుద్దుకున్నా, దెబ్బకూ ఎముకకూ మధ్య అది నలిగిపోతుంది. యూరప్, అమెరికాల్లో గుర్రాలతో దుక్కి దున్నిన కాలంలో సరిగ్గా అమరని మెడపట్టీ నెలల తరబడి ఒరుసుకుని ఇదే పని చేసేది. అక్కడి రైతులు దాన్ని స్వీనీ అనేవారు. పట్టీలు పోయినా ఆ పేరు ఇంకా వాడుకలోనే ఉంది.

ఈ దెబ్బను గుర్తించాలంటే గుర్రం ఎదురుగా నిలబడి, దాన్ని తిన్నగా మన వైపు నడిపించమనాలి. కాలు ఎత్తినంతసేపూ తేడా తెలియదు. గిట్ట నేలకు ఆని బరువు పడగానే భుజం కీలు ఛాతీ నుంచి బయటికి ఒక్కసారి ఉబికి, కాలు ఎత్తగానే మళ్లీ లోపలికి పోతుంది. అడుగడుగునా అంతే. రెండు వారాలు గడిచేసరికి భుజం పలక మీద కండ కరగడం మొదలవుతుంది. అరచేయి పెట్టి చూస్తే నడుమ ఎముక గట్టు, దానికి అటూ ఇటూ రెండు గుంటలు తగులుతాయి. యజమాని బెంబేలెత్తేది ఆ గుంటలు చూసే. నిజానికి అసలు ప్రమాదం గుంటల్లో లేదు, అడుగడుగునా పక్కకు తోసుకొస్తున్న కీలులో ఉంది. అక్కడ ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థి అరిగిపోతే తర్వాత నాడి కోలుకున్నా కుంటితనం మిగిలిపోతుంది.

ముందుకాలిలోనే ఉండే ఇంకో నాడి, రేడియల్ నాడి దెబ్బ కథ వేరు. ఇందులో మోచేయి కిందికి వేలాడి, కాలు మడత పడి, గిట్ట కొన నేలను రాస్తూ ఉంటుంది. మోచేతిని నిటారుగా నిలిపే కండరానికి ఆజ్ఞ అందదు కనుక ఆ కాలు బరువు మోయలేదు. దండచేయి ఎముక విరిగినప్పుడు ఇది జరుగుతుంది. మత్తు ఇచ్చి గంటల కొద్దీ ఒకే పక్కన పడుకోబెట్టి శస్త్రచికిత్స చేసినప్పుడు కూడా ఇలాగే కనిపించవచ్చు. అర టన్ను బరువు కింద కండరాలు, నాడులు నలిగి, రక్తం సరిగా అందకపోవడమే అందుకు కారణం. అందుకే మత్తు వైద్యులు మందపాటి నురుగు పరుపు వేస్తారు, కింది ముందుకాలిని ముందుకు లాగి ఉంచుతారు, రక్తపోటు పడిపోకుండా కాచుకుంటారు.

ఏ నాడి దెబ్బతిన్నా వైద్యుడు మొదట తేల్చుకోవలసింది దెబ్బ ఎంత లోతుగా తగిలిందన్నదే. బ్రిటిష్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో చెప్పిన మూడు తరగతులనే గుర్రాలకూ వాడుతున్నారు. నాడిని విద్యుత్ తీగ అనుకుంటే, మొదటి తరగతిలో తీగ, తొడుగు రెండూ ఉంటాయి, సంకేతం మాత్రం కొన్నాళ్లు ఆగిపోతుంది. రెండో దానిలో లోపలి తీగ తెగుతుంది, తొడుగు నిలుస్తుంది. మూడో దానిలో రెండూ తెగుతాయి. మొదటిది రోజుల్లోనో వారాల్లోనో తనంతట తానే సర్దుకుంటుంది. మూడోది చాలావరకు కోలుకోదు. తంటా అంతా రెండోదానితోనే.

తెగిన చోటు నుంచి కండరం వైపు ఉన్న భాగం క్రమంగా శిథిలమై పోతుందని శరీరశాస్త్రవేత్త ఆగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుక నాడుల మీద చూపించాడు. తర్వాత మిగిలిన మొదలు నుంచి కొత్త పోగు చిగురిస్తుంది. నాడి పోగులను చుట్టి ఉండే ష్వాన్ కణాలు పాత తొడుగు లోపల వేసి ఉంచిన బాట పట్టుకుని ముందుకు సాగుతుంది. దాని వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. దెబ్బ తగిలిన చోటికి కండరం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మూడు నెలలకు పైనే. 30 సెంటీమీటర్లయితే పది నెలలు. ఈలోగా ఆజ్ఞలు అందని కండరం రోజురోజుకూ కరిగి, నారగా మారుతూ పోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక నాడి చేరినా పని చేయించడానికి అక్కడ పెద్దగా కండరం మిగలకపోవచ్చు.

నాడి వేగాన్ని మనం పెంచలేం. అది వచ్చేలోగా మిగతా గుర్రాన్ని చెడిపోకుండా కాపాడటమే పునరావాసంలో ముఖ్యమైన పని. మొదటి రోజుల్లో చన్నీటి ధార, వాపు తగ్గించే మందులు, కొట్టంలో విశ్రాంతి. రేడియల్ నాడి దెబ్బలో ముందు మోకాలు మడత పడకుండా వెనక నుంచి బద్ద కట్టి నిలబెడతారు. (మోకాలని మనం పిలిచే ఆ కీలు నిజానికి మన మణికట్టుకు సాటి.) అప్పుడు గుర్రం ఆ కాలి మీద కాస్తయినా ఆనగలుగుతుంది. గడ్డి పరుపు మందంగా వేయడమూ చిన్న విషయం కాదు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గానీ గాఢమైన కలల నిద్రకు పడుకోవలసిందే. ఆవు లేచేటప్పుడు ముందు వెనక భాగాన్ని లేపుతుంది. గుర్రం అలా కాదు, ముందుకాళ్లు చాచి వాటి మీదే లేస్తుంది. ముందుకాలు చచ్చుబడిన గుర్రం లేవలేనేమోనన్న భయంతో పడుకోవడమే మానేస్తే నిద్ర కరువవుతుంది.

వీటన్నిటికన్నా వైద్యులను వేధించేది ఎదుటి కాలు. బాగున్న కాలి మీదే రోజుల తరబడి బరువంతా పడితే గిట్ట లోపల ఎముకను గోడకు పట్టి ఉంచే పొరలు వాచి, ఊడిపోతాయి. దీన్ని లామినైటిస్ అంటారు. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యశాలలో నెలల తరబడి కాపాడుకొచ్చారు. దాని బాధ నాడిది కాదు, వెనక కాలి ఎముకలు విరగడం. చివరికి లామినైటిస్ తదితర చిక్కులు తట్టుకోలేని స్థితిలో 2007 జనవరి 29న దానికి కారుణ్య మరణం ప్రసాదించారు. అందుకే నాడి దెబ్బల్లోనూ మొదటి రోజు నుంచే బాగున్న కాలి గిట్టకు కింద మెత్తటి ఆసరా కడతారు.

కసరత్తు ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే చాలామంది తొందరపడతారు. భుజం ఇంకా పక్కకు ఉబుకుతున్నంతకాలం మైదానంలో వదలడం మేలు కన్నా కీడే చేస్తుంది. అక్కడ విశ్రాంతే వైద్యం. కీలు నిలదొక్కుకున్నాక చేత్తో పట్టుకుని చదునైన నేల మీద నడిపించడం, తర్వాత క్యారెట్ కసరత్తు. క్యారెట్ ముక్కను గుర్రం పక్కటెముకల దగ్గర పట్టుకుంటే అది నిలబడ్డ చోటి నుంచి కదలకుండా మెడ వంచి అందుకుంటుంది. కొన్ని క్షణాలు అలాగే ఆపితే బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మెల్లగా జరుగుతుంది, వెన్నును పట్టి ఉంచే లోపలి కండరాలు పనిలోకి వస్తాయి. గుర్రానికి మాత్రం తిండి ధ్యాసే. ఆ పైన నేల మీద పరిచిన కర్రలను దాటించడం, వసతి ఉన్న చోట నీళ్లలో ట్రెడ్‌మిల్ మీద నడిపించడం.

లేజర్లు, అయస్కాంత దుప్పట్లు, కరెంటు యంత్రాలు అమ్మేవారికి కొదవ లేదు. వాటితో బాగుపడిన గుర్రాల కథలు ఎన్నయినా చెబుతారు. మొదటి తరగతి దెబ్బ ఏమీ చేయకపోయినా తగ్గుతుందన్న సంగతి గుర్తుంచుకుని వాటిని వినాలి. సూది గుచ్చి కండరంలోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష అంతకన్నా నిజం చెబుతుంది. అదీ దెబ్బ తగిలిన వెంటనే కాదు, ఒకటి రెండు వారాలు ఆగాక.

నెలలు గడిచినా భుజం నిలబడకపోతే, నాడిని నొక్కుతున్న మచ్చ కణజాలాన్ని తొలగించి, దాని కింద ఎముక అంచును కొద్దిగా చెక్కి దారి ఇచ్చే శస్త్రచికిత్స ఉంది. దానిలోనూ ఒక గండం ఉంది. మత్తు దిగి తూలుతూ లేచేటప్పుడు చెక్కిన చోటే భుజం పలక విరగవచ్చు. అందుకని వైద్యులు ముందు వేచి చూడమనే అంటారు. కోలుకున్న గుర్రాల్లో కొన్నింటికి ఆ గుంటలు పూర్తిగా పూడవు. భుజం ఉబకకుండా, కుంటు లేకుండా తిన్నగా నడుస్తుంటే అలాంటి గుర్రానికి కూడా మళ్లీ జీను వేస్తారు.