చదివింపుల టేబుల్ ఎక్కడ వెయ్యాలి? పెళ్లి డబ్బుల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, రిసెప్షన్లు దగ్గరుండి జరిపించడం నా పని. పూలు, లైట్లు, మెనూ గురించి కస్టమర్లు గట్టిగానే మాట్లాడతారు. ఒక్క విషయం దగ్గర మాత్రం గొంతు తగ్గిపోతుంది. మాటలన్నీ అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడుగుతారు: "అక్కా, మరి ఆ కవర్ల సంగతి... కార్డు మీద ఏమైనా వేయిద్దామా? బాగుండదేమో కదా?" ఇలా అడిగేది ఎక్కువగా పెళ్లి చేసుకునే పిల్లలే. అమ్మానాన్నలకు వేరే అనుమానాలుంటాయి. నేను తరచుగా వినేవి, వాటికి నేను చెప్పే జవాబులు ఇవీ.

అపోహ: పెళ్లికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం మర్యాద కాదు. వస్తువే ఇవ్వాలి.

వాస్తవం: ఈ పట్టింపు మనది కాదు. మన దగ్గర ఇది ఏనాడూ చాటుమాటు వ్యవహారం కాదు. 'చదివింపులు' అన్న పేరే చూడండి. పందిట్లో ఒకాయన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే, "ఫలానా ఊరు, ఫలానా వారు, నూట పదహార్లు" అని పైకి చదివేవారు. ఊళ్లలో ఇప్పటికీ మైకులో చదువుతారు. తెలంగాణలో దీన్నే 'కట్నం రాయించుడు' అంటారు. ఈ కట్నం వేరు, వరకట్నం వేరు. ఒక రిసెప్షన్‌లో "కట్నాలు యాడ రాస్తున్నరు?" అని ఎవరో అడగ్గానే కోస్తా నుంచి వచ్చిన వియ్యపురాలు బిత్తరపోయి నా వైపు చూసింది. పక్కకు తీసుకెళ్లి చెబితే గానీ ఆవిడ కుదుటపడలేదు.

డబ్బు అడగడం మొరటుతనం, కార్డు మీద బహుమతుల ఊసే ఎత్తకూడదు అన్నది అమెరికాలో పాత మర్యాద. అక్కడ ఆనవాయితీ వస్తువుల జాబితా. 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద దుకాణం, పెళ్లికూతురు తనకు కావలసిన సామాన్ల పట్టీ పెట్టుకునే పద్ధతి తెచ్చింది. డాలస్ నుంచి పెళ్లికి దిగే మన పిల్లలు ఆ పట్టింపును కూడా సూట్‌కేసులో పెట్టుకుని వస్తారు. అదే జపాన్‌లో అయితే రిసెప్షన్ వాకిట్లోనే టేబుల్ ఉంటుంది. పేరు రాసిన కవరు అక్కడ ఇచ్చి లోపలికి వెళతారు. స్నేహితులు మామూలుగా పెట్టేది 30,000 యెన్లు. మూడు నోట్లయితే జంట మధ్య రెండుగా చీలవని వాళ్ల నమ్మకం. మన కవరు మీద అంటించిన రూపాయి బిళ్లకు దగ్గరి చుట్టమే.

డబ్బు ఇవ్వడంలో తప్పేమీ లేదు. చిక్కంతా అడగడంలో ఉంది. నోటితో అడగకుండా కూడా అడగొచ్చు. కింది అపోహ దాని గురించే.

అపోహ: టేబుల్ ఎంట్రన్స్‌లో వేస్తే అందరికీ వీలుగా ఉంటుంది.

వాస్తవం: వీలు ఎవరికి? గేటు దాటగానే పుస్తకం, పెన్ను, ఇద్దరు మనుషులు కనిపిస్తే అది టోల్‌గేటే. శంషాబాద్ వైపు ఫంక్షన్ హాలుకు వచ్చేవాళ్లు ఔటర్ మీద ఒకసారి కట్టే వస్తారు. మళ్లీ ఇక్కడా?

నేనూ మొదట్లో అక్కడే వేయించేదాన్ని. ఒక రోజు పెళ్లికొడుకు చిన్నప్పటి స్నేహితుడు భార్యాబిడ్డలతో వచ్చాడు. టేబుల్ చూసి ఆగాడు. ముందున్నాయన రెండు వేల నూట పదహార్లు రాయిస్తున్నాడు, రాసే ఆయన గొంతు కొంచెం పెద్దది. ఈ అబ్బాయి చంకలో పిల్లాణ్ని భార్యకు అందించి, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పార్కింగ్ వైపు నడిచాడు. వాళ్లావిడ పావుగంట సేపు అక్కడే, పన్నీరు చల్లే అమ్మాయిల పక్కన, పిల్లాణ్ని మార్చి మార్చి ఎత్తుకుంటూ నిలబడింది. అతను కొత్త కవరుతో తిరిగొచ్చాడు. నుదుటి మీద చెమట. ఏ ఏటీఎం దాకా వెళ్లాడో.

అప్పట్నుంచి టేబుల్‌ను భోజనాలు చేసి బయటికి వచ్చే దారిలో, ఒక పక్కగా వేయిస్తున్నాను. రాయించాలనుకున్నవాళ్లు వెతుక్కుని మరీ వస్తారు. అనుకోనివాళ్లు తాంబూలం తీసుకుని వెళ్లిపోతారు. ఎవరు రాయించారో, ఎవరు రాయించలేదో పక్కవాడికి తెలియదు. రాసే మనిషికి నేను చెప్పే మాట ఒక్కటే: ఎంత ఇచ్చారో పైకి అనొద్దు. పుస్తకం పైకి చదివే ఊరి పందిరి వేరు. అక్కడ ఎవరి తాహతు ఏమిటో అందరికీ తెలుసు. ఇక్కడ ఆఫీసువాళ్లు, అపార్ట్‌మెంట్‌వాళ్లు, బంధువులు ఒకే లైన్లో నిలబడతారు.

అపోహ: కార్డు మీద "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్ ప్లీజ్" అని వేస్తే సున్నితంగా చెప్పినట్టు.

వాస్తవం: ఛత్తాబజార్‌లో కార్డు ప్రింట్ చేసే కుర్రాణ్ని అడిగినా చెబుతాడు, దానర్థం "క్యాష్ తెండి" అని. దానికన్నా ఏమీ వేయకపోవడమే పెద్దమనిషి తరహా. నిజమైన ఇబ్బంది ఉంటుంది, కాదనను. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో తొమ్మిది గోడ గడియారాలు, నాలుగు రాధాకృష్ణుల ఫ్రేములు ఎక్కడ పెట్టుకుంటారు? అయితే అది కార్డుతో తెగే విషయం కాదు. పెద్ద వస్తువులు కొనేది ఎవరు? మేనమామలు, పిన్నిలు, బాబాయిలు. "పిన్నీ, ఫ్రిజ్ కొనకండి, మాకు ఉంది" అని అమ్మ చేత ఫోన్ చేయించండి. "మరేం కావాలే?" అని ఆవిడే అడుగుతుంది. అప్పుడు చెప్పండి. అడిగితే చెప్పడంలో ఏ తప్పూ లేదు.

అపోహ: క్యూఆర్ కోడ్ పెట్టడం మహా మొరటు. / ఈ రోజుల్లో క్యూఆర్ కోడ్ ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: రెండూ తప్పే. ఒకే ఇంట్లో ఈ రెండు పార్టీలూ ఉంటాయి కాబట్టి కలిపి రాశాను. 2016లో యూపీఐ వచ్చాక జేబులో నోట్లు పెట్టుకునే అలవాటు సగం పోయింది. టేబుల్ దాకా వచ్చినవాళ్లే "ఫోన్‌పే ఉందా?" అని అడుగుతున్నారు. కాబట్టి టేబుల్ మీద, పెన్ను పక్కన, చిన్న స్టాండు పెట్టండి. అక్కడికి వచ్చిన మనిషి ఎలాగూ ఇవ్వడానికే వచ్చాడు. కార్డు మీద మాత్రం వద్దు. పిలుపులో బిల్లు కలిపినట్టు ఉంటుంది. పైగా పెళ్లి కార్డు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపి ఫోన్‌లోకి చొరబడే మోసాల గురించి పోలీసులే హెచ్చరిస్తున్నారు. కార్డులో కోడ్ కనిపిస్తే పెద్దవాళ్లకు టెన్షన్.

ఒక క్లయింటు స్టేజీ పక్కన ఎల్‌ఈడీ స్క్రీన్ మీద, జంట ఫొటోల మధ్యలో క్యూఆర్ వేయమన్నారు. నేను చేయనన్నాను. అది పెళ్లి అనిపించుకోదు, పెట్రోల్ బంకు అనిపించుకుంటుంది.

పెట్టేవాళ్లకు చిన్న జాగ్రత్తలు. ఖాతా వధువుదో వరుడిదో అయి ఉండాలి. ఎవరో కజిన్ పేరు తెరమీద కనిపిస్తే ఇచ్చేవాళ్లు ఆగిపోతారు. ముందు రూపాయి పంపి చూసుకోండి. మీ స్టిక్కర్ మీద ఇంకెవరైనా తమది అంటించారేమో మధ్యమధ్యలో చూడండి. ఫోన్‌లో వచ్చినవి కూడా పుస్తకంలో పేరు, ఊరుతో సహా ఎక్కించండి. లేకపోతే తరవాత స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని 'ఈ శ్రీనివాస్ ఏ శ్రీనివాస్?' అని ఇంటిల్లిపాదీ కూర్చోవాలి.

అపోహ: కవర్లతో భోజనాల ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి వచ్చినవాళ్లు కనీసం ప్లేటు ఖరీదైనా పెట్టాలి.

వాస్తవం: వెయ్యి మంది, ప్లేటు వెయ్యి అనుకోండి, పది లక్షలు. కవర్లు మనిషికొకటి రావు, ఇంటికొకటి వస్తాయి. నలుగురు తిని ఒక వెయ్యి నూట పదహార్లు పెడితే లెక్క అక్కడే తేలిపోయింది. అసలు ప్లేటు రేటు నిర్ణయించింది మీరు. లైవ్ కౌంటర్లు పెట్టమని అతిథి అడిగాడా?

ఇంకో సంగతి పిల్లలకు తెలియదు, పెద్దలకు తెలుసు. ఇది రాబడి కాదు, బాకీ. పెళ్లికి ముందు ఇళ్లకు వెళ్లినప్పుడు అటక మీంచి పాత పుస్తకం దింపడం చాలాసార్లు చూశాను. పొడుగాటి ఖాతా పుస్తకం, మూలలకు పసుపు, మొదటి పేజీలో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ ఇంటి పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి, వేలితో వరస వెంట వెళుతూ, "వీళ్లు మన పెద్దమ్మాయి పెళ్లికి 516 రాయించారు. వాళ్ల వాడి పెళ్లికి మనం 1,116 కన్నా తక్కువ పెడితే బాగుండదు" అంటారు. మీ టేబుల్ దగ్గర వచ్చినదంతా ఎప్పుడో ఒకప్పుడు, కొంచెం కలిపి, తిరిగి వెళ్లేదే. దాన్ని చూసుకుని కేటరర్‌కు అడ్వాన్స్ ఇచ్చేవాళ్లను చూస్తే నాకు భయం.

అపోహ: నూటపదహార్లు నిజాం సిక్కా నుంచి వచ్చాయి.

వాస్తవం: వాట్సాప్‌లో బాగా తిరిగే కథ. లెక్క మాత్రం నిజం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేది. ఏడు హాలీ సిక్కాలకు ఆరు బ్రిటిష్ రూపాయలు, అంటే నూరు బ్రిటిష్ రూపాయలకు నూట పదహారు పైచిలుకు. కానీ బ్రిటిష్ వాళ్ల రూపాయే చెల్లిన గోదావరి జిల్లాల్లోనూ నూటపదహార్లే కదా. అక్కడ పదహారణాల రూపాయి పేరు చెబుతారు. 1957లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలే. మీరు ఐదు వందలు పెట్టి పదహారు మర్చిపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: పెళ్లిలో వచ్చిన డబ్బుకు పన్ను లేదు, లెక్క అక్కర్లేదు.

వాస్తవం: సగం నిజం. పెళ్లి చేసుకునే వ్యక్తికి ఆ సందర్భంగా వచ్చే బహుమతుల మీద ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు వధూవరులకే, వాళ్ల అమ్మానాన్నలకు కాదు. మన దగ్గర కవర్లు ఎవరి చేతికి వెళతాయి? నాన్న చేతికి. ఆయన తన ఖాతాలో వేసుకుంటారు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి వచ్చినవి ఆయనవే అని తేలితే మొత్తానికీ పన్ను పడుతుంది. కాబట్టి పిల్లల పేరున వచ్చినవి పిల్లల ఖాతాలోనే వేయండి. పుస్తకం దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం. మరొకటి, ఒకే వేడుకకు ఒక్క మనిషి దగ్గర 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. 2017 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. జరిమానా తీసుకున్నవాళ్లకే, అదీ తీసుకున్నంత మొత్తం. ప్రేమ ఎక్కువైన బావగారికి చెక్కు ఇమ్మని చెప్పండి.

అతిథి ఇష్టపడి ఇచ్చేదానికీ, "మా వైపు కవర్లు తక్కువ వస్తాయి, ఆ తేడా మీరు కలపండి" అని వియ్యాలవారిని అడిగేదానికీ పోలిక లేదు. రెండోది వరకట్నమే. 1961 చట్టం ప్రకారం చేతికి రాకపోయినా, అడగడమే నేరం. అడగకుండా వచ్చిన కానుకలకు కూడా 1985 నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. ఇచ్చినవారి పేరు, వస్తువు, సుమారు విలువ, బంధువులైతే చుట్టరికం వేసి వధూవరులు సంతకం పెట్టాలి. ఇది చేసే ఇళ్లు చాలా తక్కువ. చదివింపుల పుస్తకంలో సగం పని ఎలాగూ అయిపోతుంది, మిగతా సగం ఇంకో గంట.

అపోహ: మనవాళ్లే కదా, సంచి ఎవరి దగ్గరున్నా ఒకటే.

వాస్తవం: ఒక పెళ్లిలో రాత్రి పదకొండున్నరకు కవర్ల సంచి కనిపించలేదు. నలభై నిమిషాలు హాలంతా వెతికారు. మా కుర్రాళ్లను వరసగా నిలబెట్టి జేబులు చూపించమన్నారు. చివరికి సంచి పెళ్లికూతురి మేనత్త కారులో, కొబ్బరిబొండాల బస్తా వెనక దొరికింది. భద్రంగా ఉంటుందని ఆవిడే పెట్టి, తాళం కొంగున కట్టుకుని ముందు సీట్లో నిద్రపోయింది. మా పిల్లలకు ఎవరూ సారీ చెప్పలేదు. అప్పట్నుంచి నా షరతు: టేబుల్ దగ్గర ఇంటివాళ్లే ఇద్దరు కూర్చోవాలి, నా మనుషులు ఉండరు. కవరు అందగానే దాని మీద నంబరు, అదే నంబరు పుస్తకంలో. లోపల ఎంతుందో ఇంటికి వెళ్లాక విప్పి రాసుకోండి. స్టేజీ మీద ఇచ్చిన కవర్లు కూడా ఆ సంచిలోకే రావాలి, పెళ్లికొడుకు షేర్వానీ జేబులోకి కాదు.

అపోహ: ఏమీ వద్దు అనేస్తే అంతకన్నా మర్యాద లేదు.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేదాన్ని. ఎల్బీ నగర్ వైపు ఒక రిసెప్షన్. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. టేబుల్ వద్దు, కవర్లు వద్దు అన్నారు, మాట మీద నిలబడ్డారు కూడా. భోజనాల వేళ నల్లగొండ వైపు నుంచి బస్సులో వచ్చిన ఒక ముసలాయన నా దగ్గర ఆగాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల.

"కట్నం రాసేటాయన యాడున్నడు బిడ్డా?"

"ఈడ రాస్తలేరు తాతా. ఏం వద్దన్నరు."

"వద్దనుడేంది? పిల్ల తాత నా పెండ్లికి పది రూపాలు రాయించిండు. రాయించకుంట బువ్వెట్ల తింట?"

చొక్కా లోపలి జేబులోంచి మడత నోట్లు తీశాడు. వంద, పది, ఐదు, ఒక రూపాయి బిళ్ల. లోపలికి కబురు పంపితే పెళ్లికూతురి నాన్న వచ్చాడు, ఆయన్ని చూసి ఏమీ అనలేకపోయాడు. నేను కేటరింగ్ మెనూ కాగితం వెనక్కి తిప్పి, పేరు, ఊరు, 116 అని రాశాను. తాత కదల్లేదు.

"ఊరు పేరు రాసినవా?"

"రాసిన తాతా."

"సదువు."

పైకి చదివాను. అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.