వేడి లేని దహనం

ప్లాస్మా (కొన్ని ఎలక్ట్రాన్లు అణువుల నుంచి విడిపోయిన వాయువు) అంటే వేల డిగ్రీల వేడి కదా, ఆక్సిజన్ ప్లాస్మాలో ఉంచిన ప్లాస్టిక్ కరగకుండా దాని పైపొర మాత్రమే ఎలా హరించుకుపోతుందని ఒక పాఠకుడు అడిగారు. ఈ సందేహానికి మూలం మనం పాఠం చెప్పే తీరులోనే ఉంది. ఘనం, ద్రవం, వాయువు, ఆపైన ప్లాస్మా అంటూ వేడి మెట్లెక్కిస్తూ పోతే చల్లని ప్లాస్మా ఎవరి ఊహకూ అందదు.

ఇక్కడ ఉష్ణోగ్రతలు రెండు. గాలిని తోడేసిన పాత్రలోకి, వాతావరణ పీడనంలో వెయ్యోవంతు లేదా అంతకన్నా తక్కువ పీడనం వద్ద ఆక్సిజన్‌ను వదిలి, సాధారణంగా 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఊగే విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తారు. ఆ ఊపును అందిపుచ్చుకునేవి తేలికైన ఎలక్ట్రాన్లే. ఆక్సిజన్ అణువు ఎలక్ట్రాన్ కన్నా దాదాపు 58,000 రెట్లు బరువైనది. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు పక్కన 80 గ్రాముల గులకరాయి ఎంతో, ఇదీ అంతే. రేణువు వచ్చి తాకితే రాయి కదలదు, రేణువు మాత్రం తన వేగాన్ని పోగొట్టుకోకుండా ఎగిరిపోతుంది. అదే విధంగా మామూలు తాకిడిలో ఎలక్ట్రాన్ తన శక్తిలో పదివేలోవంతు కూడా అణువుకు ఇవ్వదు; క్షేత్రం నుంచి పొందిన శక్తిని కొన్ని ఎలక్ట్రాన్‌వోల్టుల (ఇంత సూక్ష్మమైన శక్తికి కొలమానం) దాకా కూడబెట్టుకుంటుంది. ఒక్క ఎలక్ట్రాన్‌వోల్టు అంటే ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 11,600 కెల్విన్‌లు! వాయువు మాత్రం గది ఉష్ణోగ్రతకు కాస్త పైనే ఉండిపోతుంది.

ఈ ఎలక్ట్రాన్లే ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా విడగొడతాయి. రాయిని కదిలించలేని రేణువు దాన్ని పగలగొట్టడమేమిటి? మన పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఎలక్ట్రాన్ ఆ అణువును నెట్టదు. అందులోని ఎలక్ట్రాన్లను కలవరపరుస్తుంది. అవి ఉత్తేజిత స్థితికి చేరగానే, 5.1 ఎలక్ట్రాన్‌వోల్టుల బంధంతో అంటిపెట్టుకుని ఉన్న రెండు పరమాణువులు వాటంతటవే విడిపోతాయి.

అలా విడిపోయిన ఒంటరి ఆక్సిజన్ పరమాణువు ప్లాస్టిక్‌లోని పాలిమర్ అనే పొడవాటి అణువుల గొలుసులోంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ చేరుతుంది, గొలుసు తెగుతుంది, చివరికి కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పంపు ద్వారా బయటికి పోతాయి. మంటలోనూ పుట్టేవి ఇవే. చిప్‌ల తయారీలో పని ముగిసిన ఫోటోరెసిస్ట్‌ను (కాంతితో నమూనా ముద్రించడానికి వేసే పాలిమర్ పూతను) తొలగించేదీ, గాజు మీది వేలిముద్రలోని జిడ్డును పోగొట్టేదీ ఈ చర్యే. అయితే వేలిముద్రలోని ఉప్పు అక్కడే మిగిలిపోతుంది, ఎందుకంటే దానికి వాయువుగా మారే దారి లేదు.

సిలికోన్ రబ్బరుదీ ఇలాంటి కథే. దాని కార్బన్ భాగాలు పోయినా, సిలికాన్ ఆక్సిజన్‌తో కలిసి గాజులాంటి పలుచని పొరగా మారి లోపలి పదార్థానికి కవచమవుతుంది. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో, అతినీలలోహిత కిరణాలు విడగొట్టిన ఆక్సిజన్ పరమాణువుల మధ్య సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే వ్యోమనౌకల పాలిమర్లు కూడా ప్లాస్మాలోని ప్లాస్టిక్‌లాగే అరిగిపోతాయి. 1984లో కక్ష్యలో వదిలి 1990లో వెనక్కి తెచ్చిన, పదార్థాలపై అంతరిక్ష ప్రభావాన్ని పరీక్షించిన ఎల్‌డీఈఎఫ్ ఉపగ్రహం మీద ఆ అరుగుదల స్పష్టంగా కనిపించింది. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సౌరఫలకాల్లోని కాప్టన్ అనే పాలిమర్ పొరకు ముందుగానే సిలికాన్ ఆక్సైడ్ పూత పూశారు.