వెంట్నార్ ఓడతో మునిగిన 499 మంది: తిండి పెట్టేవాళ్లు లేని ఆత్మల వెనక కథ

2013 ఏప్రిల్‌లో, చింగ్‌మింగ్ అనే సమాధుల పండగకి, న్యూజిలాండ్‌లోని కొన్ని చైనీస్ కుటుంబాలు ఉత్తరాన హోకియాంగా దగ్గరి మావోరీ (అక్కడి మూలవాసుల) ఊళ్లకి వెళ్లి కృతజ్ఞతలు చెప్పుకుని వచ్చాయి. ఎందుకో తెలియాలంటే 1860ల దాకా వెళ్లాలి.

తావోయిజం, బౌద్ధం, పెద్దల పూజ అన్నీ కలిసిపోయిన చైనా జానపద నమ్మకంలో మనిషికి రెండు రకాల ఆత్మలు, ‘హున్’, ‘పో’. చనిపోయాక ‘హున్’ పైకి వెళ్తుంది, ‘పో’ దేహంతోపాటు మట్టిలోనే ఉంటుంది. ఏటా సమాధి ఊడ్చి, అన్నం, టీ పెట్టి, కాగితపు డబ్బు కాల్చే వారసులుంటే ఆ మనిషి కుటుంబాన్ని కాచే పెద్ద అవుతాడు. ఎవరూ లేకపోతే ఆకలి దయ్యమే. పిండం పెట్టే దిక్కులేకపోవడం అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

న్యూజిలాండ్ దక్షిణాన ఉన్న ఒటాగో బంగారు గనుల కోసం దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. పైగా 1881లో న్యూజిలాండ్‌కి వచ్చే చైనీయుల మీద తలకి 10 పౌండ్ల పన్ను వేశారు, 1896కి అది 100 అయింది, ఇక పెళ్లాం బిడ్డల్ని తెచ్చుకునేదెక్కడ? దీన్నంతా మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు ఈ పన్ను సంగతి మర్చిపోతారు. నా లెక్కలో దయ్యాల భయాన్ని పెంచింది సగం ఆ చట్టమే.

అందుకే చందాలేసుకుని చోంగ్ షింగ్ టోంగ్ అనే సంఘం పెట్టుకున్నారు. సమాధులు తవ్వి, ఎముకలు కడిగి ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, పేరు రాసి చైనా ఓడెక్కించేవాళ్లు. 1883లో 230 మందిని అలా ఇంటికి పంపారు. 1902 అక్టోబర్‌లో 499 మంది అవశేషాలతో వెల్లింగ్టన్‌లో బయల్దేరిన వెంట్నార్ ఓడ, పడమటి తీరంలోని తారనాకి దగ్గర బండని గుద్దుకుని, రెండు రోజులకి హోకియాంగా బయట మునిగిపోయింది. ఓడలో ప్రయాణిస్తున్న 13 మంది కూడా చనిపోయారు. మొదటిసారి ఈ పనికి పూనుకున్న వ్యాపారి చోయ్ సూ హోయ్ శవపేటిక కూడా అందులోనే ఉంది.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఎముకల్ని తె రోరోవా, తె రరావా తెగల మావోరీలు తీసి పాతిపెట్టారు, ఆ సంగతి తరతరాలుగా చెప్పుకున్నారు. 2021లో హోకియాంగా ఒడ్డునున్న ఒపొనొని ఊళ్లో పెద్ద స్మారకం వెలిసింది. ఈలోగా 2014లో, ఓడ జాడ దొరికిందని, కొన్ని వస్తువులు పైకి తీశామని ఒక బృందం ప్రకటించేసరికి వారసుల్లో చాలామంది మండిపడ్డారు. అది తాతల సమాధి, చెయ్యి పెట్టేముందు తమని అడగాలి కదా అని వాళ్ల బాధ.