చలిలో పరుగు, మంచులో సైకిలు

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే కదలికకు పనికివస్తుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికి గుండె కండరాలతో పాటు చర్మానికీ అదనంగా రక్తాన్ని పంపాలి, చర్మం చెమట పట్టాలి, ఆ చెమట ఆవిరి కావాలి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది కాని, కారి నేలపాలైన చెమట వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మే నెలలో విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర పరుగెత్తేవారి బనియను పిండితే నీళ్లు కారేంతగా తడిసినా ఒళ్లు చల్లబడకపోవడానికి సముద్రపు గాలిలోని తేమే కారణం.

డిసెంబరు, జనవరి నెలల్లో పరిస్థితి మారుతుంది. తెల్లవారుజామున నేల మీదినుంచి సముద్రం వైపు వీచే గాలి కొంత పొడిగా ఉంటుంది, చర్మానికి పంపాల్సిన రక్తం తగ్గుతుంది, అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. చలికాలపు పరుగులోని హాయికి మూలం చాలావరకు ఇదే. మారథాన్‌కు అనువైనదిగా చెప్పే 10 డిగ్రీల ప్రాంతపు చలి విశాఖ నగరంలో దొరకదు. దానికోసం సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొన్నేళ్లు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే లంబసింగికి వెళ్లాలి.

అయితే పరుగుకు వరమైన చలి సైకిలుకు అంత సులువుగా లొంగదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి 5 డిగ్రీల గాలి సున్నా డిగ్రీల్లా తగులుతుంది. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు ఇబ్బంది రెట్టింపవుతుంది: పెడలు తొక్కే పని లేక ఒంట్లో వేడి పుట్టదు, వేగం వల్ల గాలి మాత్రం పెరుగుతుంది, సరిగ్గా బ్రేకు పట్టాల్సిన సమయానికి వేళ్లు కొయ్యబారిపోతాయి. టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులు కొండ దిగే ముందు చొక్కా లోపల వార్తాపత్రిక దోపుకునేవారు. గాలిని ఆపడంలో ఆ కాగితం ఖరీదైన జాకెట్‌కు పెద్దగా తీసిపోదని నా అభిప్రాయం.

ఫిన్లాండ్‌లోని ఔలు (Oulu) నగరంలో శీతాకాలమంతా సైకిళ్లు తిరుగుతూనే ఉంటాయి. అక్కడి సైకిలు దారుల్లో మంచును ఉప్పు చల్లి కరిగించడం కన్నా, తోసి చదునుచేసి గట్టిపరచడానికే మొగ్గు చూపుతారు. సున్నాకు దగ్గరలో తడిసి నీరూరే మంచు జారినంతగా, పదిహేను డిగ్రీలు దిగువన గట్టిపడ్డ మంచు జారదు. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే అది నేలకు ఎక్కువ మేర ఆనుకుంటుంది. గడ్డకట్టిన చోట లోహపు మేకులున్న టైర్లు పట్టునిస్తాయి. కొత్తగా కురిసిన మంచులో తొంభై శాతం దాకా గాలే కాబట్టి అది శబ్దాన్ని పీల్చేస్తుంది. ఊపిరి చప్పుడు తప్ప మరేదీ వినిపించని ఆ ప్రయాణం అలల హోరుకు అలవాటుపడిన మనకు వింతగానే తోస్తుంది. మంచు దేశాల పొడిగాలికి శ్వాసనాళాలు ఎండి బిగుసుకుంటాయి కనుక ఆస్తమా ఉన్నవారు మూతికి గుడ్డ కట్టుకోవాలి.

విశాఖ చలికీ ఒక చిక్కుంది. కైలాసగిరి, యారాడ కొండల నడుమ పళ్లెంలా ఉన్న ఈ నగరంలో శీతాకాలపు రాత్రి నేలను అంటుకున్న చల్లగాలి పైనున్న వెచ్చని పొరను దాటి లేవలేదు. వాహనాల పొగ, పరిశ్రమల ధూళి దాని కిందే నిలిచిపోతాయి. ఎండ నేలను వేడిచేశాకే ఆ పొర చెదురుతుంది. అందుచేత నగరం లోపలి ప్రాంతాల్లో పరుగెత్తేవారు తొలిజాము చలికి ఆశపడకుండా, పొద్దెక్కాక బయలుదేరడం ఊపిరితిత్తులకు మంచిది.