బూరెకు ఏం పెడదాం, ఎంత పెడదాం

పెరంబూరు, చెన్నై
మే నెల, శుక్రవారం రాత్రి

మన మెట్ల దారి పిల్లలందరికీ,

మూడో అంతస్తు అమ్మమ్మ ఆశీస్సులు. సెలవులు ఇచ్చినప్పటినుంచీ చీకటి పడేసరికి మీరు అయిదుగురూ మా ఇంటికి వచ్చి, ఎలుకలాంటి మా బుల్లి పెంపుడు హ్యామ్‌స్టర్ బూరె పంజరం చుట్టూ చేరుతున్నారు. అది నిద్ర లేచి గూట్లోంచి ముక్కు బయట పెట్టగానే అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతారు. వంటింట్లో ఉన్నా నాకా నిశ్శబ్దం తెలుస్తుంది, చాలా బాగుంటుంది. ఇప్పుడు చెప్పబోయే మాట అందరి ముందూ అంటే మీలో ఎవరైనా చిన్నబుచ్చుకుంటారేమోనని కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదవండి. అర్థం కానిచోట వచ్చి అడగండి.

నిన్న మీరు వెళ్లాక బూరె గూడు శుభ్రం చేశాను. కాగితపు తురుము కింద అది దాచుకున్నవన్నీ ఒక పళ్లెంలో పెట్టి చూశాను. బిస్కెట్ ముక్క ఒకటి, వేరుశనగ పప్పులు రెండు, సగం ద్రాక్షపండు, వేలెడు క్యారెట్టు, జంతిక తునక ఒకటి. మీలో ఎవరూ ఎక్కువ పెట్టలేదు. ‘ఒక్కటే కదా అమ్మమ్మా’ అని నన్ను అడిగే పెట్టారు. నేనూ సరే అన్నాను. అయిదుగురి ఒక్కటీ కలిపితే ఎంతవుతుందో నేను చూసుకోలేదు. ఆ తప్పు నాది. ఇప్పుడు కలిసి లెక్క వేద్దాం.

వంటింటి త్రాసు మీద బూరె 120 గ్రాములు తూగింది. నేను 60 కిలోలు. అంటే నేను 500 బూరెలంత బరువు. వేరుశనగ పప్పు ఒకటి అర గ్రాము అనుకోండి. బూరె అది తింటే, నేను కూర్చున్నచోటు నుంచి కదలకుండా పావుకిలో పప్పు తిన్నట్టు. అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఉండే ఆపిల్ ముక్క సుమారు గ్రాము తూగుతుంది. నా లెక్కలో అది అరకిలో, అంటే మూడు కాయలు. మొదటి అంతస్తులో ఉన్న డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ ఇంకా చిన్నది, 30 గ్రాములే. దానికి అదే ముక్క పెడితే నాకు రెండు కిలోల ఆపిల్ తినిపించినట్టు. మన కంటికి గోరంత కనిపించేది దాని ముందు కొండంత. ఇకమీదట చేతిలోకి ఏది తీసుకున్నా ముందు ఈ లెక్క వేసుకోండి.

అసలు దాని కడుపు ఎలాంటి తిండికి అలవాటుపడిందో తెలిస్తే మిగతాదంతా తేలిక. బూరెది సిరియన్ హ్యామ్‌స్టర్ జాతి. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో బొరియ తవ్వించి తల్లినీ పిల్లలనూ పట్టుకున్నాడు. ఇవాళ ఇళ్లలో పెరుగుతున్న సిరియన్ హ్యామ్‌స్టర్లలో చాలావరకు ఆ పిల్లల సంతతే. అది వానలు తక్కువ పడే నేల. అక్కడ దొరికేవి గింజలు, గడ్డి విత్తులు, కాస్త పచ్చి ఆకు, అప్పుడప్పుడూ ఓ పురుగు. పొద్దువాలాక బయటికి వచ్చి దొరికింది బుగ్గల్లో నింపుకుని బొరియకు మోసుకుపోతుంది. హ్యామ్‌స్టర్ అన్న పేరే కూడబెట్టడం అనే అర్థమున్న జర్మన్ మాటతో ముడిపడి ఉంది. పొడి గింజ మీద బతికే ఆ కడుపులోకి మనం పుచ్చకాయ, ద్రాక్ష, తీపి తెచ్చి పోస్తే అది తట్టుకోలేదు. పైగా ఎలుక జాతి ప్రాణులు వాంతి చేసుకోలేవు. మనకు పడనిది కడుపులోంచి బయటికి వచ్చేస్తుంది. దానికి ఆ దారి లేదు.

అందుకే బూరెకు అసలు అన్నం ఆ సీసాలోని పొడి మేతే. రోజుకు ఒక పెద్ద చెంచా, సుమారు పది గ్రాములు. పచ్చి కూర, పండు, గింజ ఇవన్నీ మనకు పండగ పూట పిండివంటల్లాంటివి. మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. ఇష్టమైన గింజలు ఏరుకుని మిగతావి గిన్నెలో వదిలేస్తే ‘అయ్యో, తినలేదు’ అని కొత్తవి పోయకండి. ఆకలి వేస్తే మిగిలినవీ తింటుంది, అప్పుడే అన్ని పోషకాలూ అందుతాయి.

ఇక కూరల సంగతి. పొద్దున్నే మన గేటు దగ్గరికి ఆకుకూరలు అమ్మడానికి వచ్చే కీరైకారమ్మ కట్టల్లోంచి నేను బూరెకు కొత్తిమీర తీస్తాను. రెండు ఆకులు, అంతే. కీర దోసకాయ, బ్రోకలీ పువ్వు, కాలీఫ్లవర్, క్యాప్సికమ్, లేత బీన్స్, పచ్చి బఠాణీ, ఇవన్నీ దానికి పడతాయి. పూటకు ఒకే రకం, నా బొటనవేలి గోరంత ముక్క. క్యారెట్టులో తీపి ఉంది, అందుకని అందులో సగం. పాలకూర, తోటకూర మనకు మంచివే గానీ వాటిలో రాళ్లు కట్టించే ఆగ్జలేట్ ఎక్కువ, ఎప్పుడో ఒకసారి ఆకు ముక్క చాలు. పండ్లలో గింజలు తీసేసిన ఆపిల్, స్ట్రాబెర్రీ వారానికి ఒకటి రెండు సార్లు, బఠాణీ గింజంత. ఆపిల్ గింజలు ఎప్పుడూ పెట్టొద్దు, వాటిలోంచి సయనైడ్ పుడుతుంది. డ్వార్ఫ్ రకాలకు చక్కెర జబ్బు తొందరగా వస్తుంది. అందుకని మొదటి అంతస్తు చిన్నారికి పండు జోలికే వెళ్లొద్దు, తల్లీ. అది ఎప్పటికన్నా ఎక్కువ నీళ్లు తాగుతున్నా, గూడు ఎక్కువ తడుపుతున్నా వెంటనే ఇంట్లో చెప్పు.

మొన్న మీలో ఒకరు ‘ఎండలు మండిపోతున్నాయి, చలవ చేస్తుంది’ అని పుచ్చకాయ చీలిక పట్టుకొచ్చారు. ఎంత మంచి మనసు! కానీ పుచ్చకాయలో వందకు తొంభై పాళ్లకు పైగా నీళ్లే, కీర దోసలో ఇంకా ఎక్కువ. అంత నీరు ఒక్కసారిగా లోపలికి పోతే దానికి విరేచనాలు పట్టుకుంటాయి. ఎండపూట దానికి చలవ కావాలంటే నీళ్ల సీసా రోజూ మార్చాలి, పంజరం నీడన ఉంచాలి, గడ్డకట్టించిన నీళ్ల బాటిల్‌కు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

అస్సలు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడుచేస్తాయి. పచ్చి బంగాళాదుంప, దాని మొలకలు, టమాటా ఆకులు, తొడిమలు, ఉడకని రాజ్మా, అవకాడో, చాక్లెట్ విషంతో సమానం. నిమ్మ, నారింజ, బత్తాయి పులుపు దానికి పడదు. ఇన్ని గుర్తుండవు అనుకుంటే మా ఇంటి పద్ధతి ఒకటి పట్టుకోండి: కత్తిపీట మీద ఉన్నప్పుడు తీసిన ముక్క పెట్టొచ్చేమో అడగండి, తాలింపులో పడ్డాక మాత్రం అడగనే వద్దు. మన గిన్నెలోకి వెళ్లిన ప్రతిదానికీ ఉప్పు, కారం, నూనె అంటుకుంటాయి. జంతికలు, మిక్చరు, బీచ్‌లో కొన్న సుండల్ (గుగ్గిళ్లు) అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

తీపి గురించి కాస్త వివరంగా చెప్పాలి. బూరె బుగ్గల లోపల భుజాల దాకా సాగే రెండు సంచులున్నాయి. మన నోటిలా అవి తడిగా ఉండవు, పొడిగా ఉంటాయి. బెల్లం పాకం, జామ్, పల్లీ పట్టీ, పీనట్ బటర్ లాంటి జిగురు పదార్థం అందులోకి పోతే గోడకు అతుక్కుపోతుంది. దాని చేతులతో నెట్టినా రాదు. అక్కడే కుళ్లి పుండవుతుంది. దాని పేరు బూరె అయినా సరే, బూరెల వాయి దించినప్పుడు దాని దగ్గరికి వెళ్లొద్దు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, ఇది మా ఇంట్లో జరిగిందే. మా అబ్బాయి కాలేజీలో చదివేటప్పుడు ఒక హ్యామ్‌స్టర్‌ను తెచ్చాడు, రెండు నెలల పిల్ల. అది నా చేతిలోంచి అరటిపండు ముక్క అందుకున్న రోజు నాకు పట్టలేనంత సంతోషం. ఇక రోజూ అదే పని. తీసుకుని లోపలికి పరిగెడుతుంది, తిందనుకునేదాన్ని. అది తినలేదు, దాచుకుంది. ఇలాంటి మే నెలే. అయిదో రోజుకు మూలన ముడుచుకుని కూర్చుంది, తోక చుట్టూ తడి, పిలిస్తే కళ్లు సగమే తెరిచింది. గూడు ఎత్తి చూస్తే నల్లబడ్డ అరటిపండు, పులిసిన వాసన. డాక్టరు గారు వెట్ టెయిల్ అన్నారు. పేగుల్లో క్రిములు పెరిగి నీళ్ల విరేచనాలు అవుతాయి, చిన్న పిల్లలకు ఎక్కువగా వస్తుంది, తిండి మారినా భయపడినా మొదలవుతుంది అని చెప్పారు. ఆయన చేయగలిగింది చేశారు. మర్నాడు తెల్లవారేసరికి అది లేదు. ఆ అరటిపండే కారణమని ఆయన అనలేదు. నాకు మాత్రం ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి పెట్టడం కన్నా తీయడం ముఖ్యమని తెలుసుకున్నాను. ఏడు గంటలకు పచ్చి ముక్క పెడితే పది గంటలకు, నేను పడుకునే ముందు, మిగిలింది తీసేస్తాను. పొద్దున్నే చిన్న చెంచాతో గూడు మూల మెల్లగా పక్కకు జరిపి చూస్తాను. పొడి గింజలు దాచుకుంటే ముట్టుకోను, అది దాని కష్టార్జితం, తీసేస్తే కంగారుపడుతుంది. తడి ముక్క కనిపిస్తే మాత్రం క్షణం ఉంచను. ముక్కను పెట్టే ముందు బాగా కడిగి గుడ్డతో తుడుస్తాను, ఫ్రిజ్‌లోంచి తీస్తే చల్లదనం పోయేదాకా ఆగుతాను. కొత్త రకం ఏదైనా మొదటిసారి ఆవగింజంతే. రెండు రోజులు దాని పెంటికలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, తర్వాతే మళ్లీ. తోక దగ్గర తడి కనిపిస్తే ఇంటి వైద్యాలేవీ వద్దు, గంట కూడా ఆగొద్దు. 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీ, దాని ఆసుపత్రి ఇప్పుడు మనకు దగ్గరలోనే వేపేరిలో ఉన్నాయి. ఇంత చిన్న ప్రాణులను చూసే డాక్టరు ఎక్కడున్నారో అది బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి.

మా ఇంట్లో గుడ్డు వండం. కానీ హ్యామ్‌స్టర్ పురుగులనూ తినే ప్రాణి, దానికి మాంసకృత్తులు కావాలి. మేతలో కొంత ఉంటుంది. ఆపైన పక్కింటి అత్త వారానికోసారి ఉప్పు వేయకుండా ఉడికించిన గుడ్డు తెల్లసొన, బఠాణీ గింజంత, చిన్న గిన్నెలో పంపిస్తుంది. నేను తీసుకుని పెడతాను. దానికి కావలసింది దానికి పెట్టాలి కదా.

మీకు అన్నిటికన్నా నచ్చేది చివరికి ఉంచాను. కొర్ర కంకి. మనం కొర్రన్నం వండుకుంటామే, ఆ కొర్రలే, కంకితో సహా ఎండబెట్టినవి. పెంపుడు పక్షుల మేత అమ్మే చోట దొరుకుతాయి. మొన్న రాత్రి వేలెడు కంకి పంజరంలో నిలబెట్టి, దీపం తగ్గించి కూర్చున్నాను. బూరె వెనక కాళ్ల మీద లేచి, రెండు చేతులతో కంకిని వంచుకుంది. ఒక్కొక్క గింజే తీసి, పళ్లతో పొట్టు చీల్చి, పొట్టును పక్కకు రాల్చి, గింజను బుగ్గలోకి తోసింది. మధ్యమధ్యలో ఆగి చెవులు నిక్కించి వింటోంది. ఆఖరుకు ముఖం ముఖమంతా ఉబ్బి, గూట్లోకి వెళ్లి, చేతులతో బుగ్గలను వెనకనుంచి ముందుకు నొక్కుకుంటూ దాచిందంతా బయటికి తీసింది. ఇదంతా దాదాపు ముప్పావుగంట. బిస్కెట్ ముక్కయితే క్షణంలో బుగ్గలోకి పోయేది. దానికి తిండి దొరకడంకంటే తిండిని వెతుక్కోవడం ఎక్కువ ఇష్టమని ఆ రాత్రి చూస్తే మీకూ తెలిసేది. గుమ్మడి గింజ, పొద్దుతిరుగుడు గింజ కూడా అంతే. కొవ్వు ఎక్కువ గనుక రోజుకు ఒకటే, అదీ చేతికివ్వకుండా తురుములో ఎక్కడో దాచండి. అది వాసన పట్టి తవ్వుకుంటుంటే చూడండి.

రేపటి నుంచి ఇలా చేద్దాం. ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్ తగిలించాను. రోజుకు ఒక్కరిదే వంతు. ఆ రోజు పెట్టేది వాళ్లే, ఏం పెట్టారో తేదీ గడిలో రాసేదీ వాళ్లే. మిగతా నలుగురూ చూస్తారు. గడి నిండి ఉంటే ఇక ఎవరూ ఏమీ పెట్టరు, నేను కూడా. ఆదివారం సాయంత్రం అందరం కలిసి బూరెను త్రాసు మీద చిన్న గిన్నెలో కూర్చోబెట్టి బరువు రాద్దాం. బరువు తగ్గుతూ పోతే అది మనకు చెప్పలేని మాట ఏదో ఉన్నట్టు.

రేపు శనివారం, రెండో అంతస్తు చిన్నోడి వంతు. నాన్నా, ఏడింటికి రా. సబ్బుతో చేతులు కడుక్కునిరా, చేతికి చిప్స్ వాసన ఉంటే అది వేలినే తిండి అనుకుని కొరుకుతుంది. కీర దోసకాయ నేను కడిగి ఆరబెట్టి ఉంచుతాను. ముక్క ఎంత కోయాలో మాత్రం నువ్వే చెప్పాలి.

ప్రేమతో,
మూడో అంతస్తు అమ్మమ్మ