సెకండ్ హ్యాండ్ డీజిల్ వ్యాన్ ఇంజన్: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, సాలూరు, పార్వతీపురం వైపు పాత డీజిల్ వ్యాన్ కొని, దానిని ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాలకు తెచ్చుకుని సంతలకు తిప్పుకునే తెలుగువారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కింద మైదానంలో ఏ ఇబ్బందీ చూపని బండి, సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కేసరికి వేడెక్కడమో, పొగ వదలడమో, లాగలేక నిలబడిపోవడమో జరుగుతుంది. కొండకు వచ్చాక బండి పాడైందని అనుకోవడం సరికాదు. ఖాళీ బండిని చదును రోడ్డు మీద నడిపి చూసినప్పుడు దాగి ఉన్న లోపమే, బరువుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. అటువంటి బండ్లను బాగుచేసే మెకానిక్‌గా నేను తరచూ వినే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పొగ వస్తోందంటే బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయినట్టే, ఇంజన్ దించాల్సిందే.

వాస్తవం: పొగ రంగు చూడకుండా ఈ తీర్పు ఇవ్వకూడదు. నల్లపొగ వస్తే, పడుతున్న డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), డీజిల్ చిమ్మే నాజిల్ పాడవడం, గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే టర్బో నుంచి వెళ్లే రబ్బరు పైపులో చీలిక వంటివి దీనికి కారణాలు కాగా, వీటిలో దేనికీ బోరుతో సంబంధం లేదు. పైపు చీలిక పైనుంచి చూస్తే కనిపించదు. క్లిప్పు దగ్గర ఆయిల్ తడి, దానికి అంటుకున్న దుమ్ము మాత్రం కనిపిస్తాయి, అక్కడ చేత్తో వంచితే చీలిక తెరుచుకుంటుంది.

నీలిపొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. రాత్రంతా నిలిపిన బండి ఉదయం స్టార్ట్ కాగానే కాసేపు నీలిపొగ వదిలి ఆగిపోతే, పిస్టన్ రింగుల కంటే ముందు వాల్వ్ సీళ్లను (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బర్లను) అనుమానించాలి. సెమిలిగుడ చలిలో ఉదయం పూట కాసేపు తెల్లపొగ రావడం మామూలే. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గు ఒకటి పనిచేయకపోయినా కాలని డీజిల్ తెల్లగా బయటికి వస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా అది ఆగకుండా, రేడియేటర్‌లో నీరు తగ్గుతూ ఉంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి.

బోరు మీదే అనుమానం ఉంటే, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద ఉంచి చూడవచ్చు. మూత కొద్దిగా అదరడం డీజిల్ ఇంజన్‌కు సహజమే కానీ, ఎగిరి పక్కన పడి, రేస్ ఇచ్చినకొద్దీ గుప్పుగుప్పున పొగ కొడితే అనుమానం బలపడుతుంది. అయినా అది అనుమానమే. గేజ్ పెట్టి అన్ని సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలిచి, కంపెనీ ఇచ్చిన అంకెతోనూ ఒకదానితో ఒకటీ పోల్చాలి. ఒక్క సిలిండర్‌లో మాత్రమే తక్కువ ఉంటే అది వాల్వ్ లోపం కూడా కావచ్చు. ఈ కొలత లేకుండా ఇంజన్ దించుదామనే మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఘాటీలో వేడెక్కే బండికి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తీసేస్తే చాలు, రేడియేటర్ నీటిలో కలిపే కూలెంట్ దండగ, నీళ్లే సరిపోతాయి.

వాస్తవం: థర్మోస్టాట్ తీసేసిన ఇంజన్ చదును రోడ్డు మీద తగిన వేడికి చేరదు కనుక డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. దానిని తీసేస్తే వేడి నీటిలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజన్‌లోకి చేరి, ఎక్కుడులో వేడి మరింత పెరుగుతుంది. థర్మోస్టాట్ చెడిపోతే కొత్తది వేయాలి తప్ప ఆ చోటును ఖాళీగా వదలకూడదు.

పాత యజమాని ఏళ్ల తరబడి బోరునీళ్లు పోయడం వల్ల రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న గార, రెక్కల మధ్య ఎండిన మట్టి, జారుతున్న ఫ్యాన్ బెల్టు మొదలైనవి అసలు కారణాలు. వీటన్నిటికంటే చవకైనదీ, అందరూ చివర చూసేదీ రేడియేటర్ మూత. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే నీరు, సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉన్న కొరాపుట్‌లో 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచినంతవరకు నీరు అంత త్వరగా మరగదు. స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు వాషర్ పగిలినా ఆ రక్షణ పోతుంది. కూలెంట్ కూడా మరుగు స్థానాన్ని పెంచుతుంది, లోపలి తుప్పును అడ్డుకుంటుంది.

రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై గొట్టం గట్టిగా బిగుసుకుంటే జాగ్రత్తపడాలి. నీరింకా వేడెక్కలేదు కనుక అది ఆవిరి ఒత్తిడి కాదు; గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాస్ నీటిలోకి వస్తోందని అనుమానించాలి. దారిలో వేడి చూపే మీటరు ముల్లు పైకి పోతే మూత విప్పకూడదు, చన్నీళ్లు కుమ్మరించకూడదు. నీరు కారకపోతే బండి పక్కకు ఆపి, క్యాబిన్ హీటర్ పూర్తిగా తిప్పి కాసేపు ఐడిల్‌లో ఉంచవచ్చు. కారుతుంటే ఇంజన్ వెంటనే ఆపేయాలి.

అపోహ: ఆయిల్ నల్లబడితే పాడైనట్టు, చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుంది.

వాస్తవం: డీజిల్ ఇంజన్‌లో మసి వల్ల కొత్త ఆయిల్ కూడా త్వరలోనే నల్లబడుతుంది. డిప్‌స్టిక్ మీద పాలు కలిసిన టీ రంగు కనిపిస్తే మాత్రం భయపడాలి, ఎందుకంటే నీరు కలిసిందన్నమాట. చిక్కటి ఆయిల్‌తో చప్పుడు తగ్గే మాట నిజమే. అమ్మేవారు కొందరు పోసేది కూడా అందుకే.

అపోహ: బ్యాటరీ వైరు తీసి పెడితే డాష్‌బోర్డు మీద వెలిగే ఇంజన్ హెచ్చరిక లైటు సమస్య తీరిపోతుంది.

వాస్తవం: లైటు ఆరినా లోపం అలాగే ఉంటుంది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి కనుక, ఇప్పుడు చేతులు మారుతున్న వ్యాన్లలో చాలావాటికి ఇంజన్ కంప్యూటర్ దాచిన లోపాల కోడ్లను చదివే స్కానర్ పెట్టి చూడవచ్చు. కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా చాలా బండ్లలో కనిపిస్తుంది. అమ్మకానికి ముందు రోజే చెరిపి ఉంటే బేరం అక్కడే ఆపి కారణం అడగాలి.

అపోహ: టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు వరుస తప్పకుండా కదిలేలా చూసేది) చూడటానికి బాగుంటే మార్చనక్కరలేదు.

వాస్తవం: బెల్టు పైకి బాగున్నట్టు కనిపిస్తూనే తెగిపోగలదు, తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి హెడ్ పని పడుతుంది. మీ ఇంజన్‌కు చెయిన్ కాకుండా బెల్టు ఉండి, దానిని ఎప్పుడు మార్చారో చూపే బిల్లు లేకపోతే, మొదటి లోడు ఎత్తే ముందే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌తో సహా మార్పించుకోండి.