తామర దుంపలు పంచుకుందాం, కప్ప గుడ్లు వద్దు: నీటితోటల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

కడియం దగ్గర నీటిమొక్కలు పెంచి అమ్మడం నా పని. తామర, కలువ, వస, జలబ్రాహ్మి. మేడ మీద టబ్బుల్లో, పెరట్లో సిమెంటు తొట్లలో నీటితోట పెట్టుకునేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. సంతోషమే. కానీ మొక్కలు కొన్నాక చాలామంది రెండు కొసరు అడుగుతారు. "ఆ ఊదా పువ్వుల గుర్రపు డెక్క ఒక్కటి వెయ్యండమ్మా" అని ఒకటి. "కప్పపిల్లలుంటే నాలుగు ఇవ్వండి, దోమలు పోతాయంట" అని రెండోది. రెండింటికీ కుదరదంటాను. కొంతమంది నొచ్చుకుంటారు. ఎందుకు కుదరదో ప్రతిసారీ నిలబడి చెప్పే తీరిక ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కప్ప గుడ్లు తెచ్చి వేస్తేనే తొట్టిలోకి కప్పలు వస్తాయి

వాస్తవం: నీళ్లు నిలిచిన చోటుని కప్ప తనే వెతుక్కుంటుంది. చుట్టుపక్కల కప్పలుంటే చాలు, తొలకరి పడ్డ రాత్రి మీ తొట్టి దగ్గర బెకబెకలు వినిపిస్తాయి. మొదటి ఏడాది రాకపోతే రెండో ఏడాది చూడండి. చెట్టుకప్పలకైతే వేళ్ల చివర అంటుకునే బిళ్లలుంటాయి. గోడలెక్కి బాత్రూముల్లోకే వచ్చేస్తాయి, మీ బాల్కనీ ఒక లెక్కా?

నేలమీద తిరిగే కప్పలు మాత్రం మూడో అంతస్తుకి రాలేవు. అలాంటి చోటికి మనం గుడ్లు మోసుకెళ్లి పెడితే, పిల్లలు పెరిగి కాళ్లొచ్చాక అవి కిందికి దిగనూ లేవు. ఎండిన మేడ మీద వాటికి చావే. చాలామంది ఈ సంగతి ఆలోచించరు.

మా అక్క కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది. పెరట్లో చిన్న గుంట తవ్వుకుంది. అక్కడ కప్పలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెడతాయి. సగ్గుబియ్యం ఉడికించి కుప్ప పోసినట్టు ఉంటాయి. పక్కింటి పెద్దాయన గుంట నిండా అవే. ఒక చెంబుడు అడిగితే ఇవ్వనన్నాడట. "ఇంత చిన్నదానికి అలా అనేశాడేంటి పిన్నీ" అని ఫోన్లో బాధపడింది. ఆయన చేసిందే సరైన పని అని చెప్పాను. 1980ల చివర్లో ఆ దేశంలో పెరటి గుంటల్లో కప్పలు గుంపులుగా చచ్చిపోవడం మొదలైంది. కారణం కప్పలకి సోకే రానావైరస్ అనే వైరస్. చేపలు, మొక్కలు, గుడ్లు ఒక గుంట నుంచి ఇంకో గుంటకి మనుషులే మోస్తుంటే రోగమూ వాటితో పాటే ప్రయాణం చేస్తుంది. అందుకే అక్కడ కప్పల కోసం పనిచేసేవాళ్లు గుడ్లు పంచుకోవద్దనే చెబుతారు.

అపోహ: కప్ప కనబడటానికి బాగానే ఉంది, నీళ్లూ తేటగా ఉన్నాయి, ఇక రోగమేంటి

వాస్తవం: కప్పల్ని చంపే రోగాల్లో అన్నింటికంటే పెద్దది కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల వచ్చేది. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, నీళ్లూ ఉప్పులూ ఆ చర్మం నుంచే సర్దుకుంటుంది. ఆ చర్మాన్నే ఈ శిలీంధ్రం పాడుచేస్తుంది. దాని బీజాలు నీళ్లలో ఈదుతాయి, కంటికి కనబడవు. 2019లో వచ్చిన ఒక పెద్ద అంచనా ప్రకారం ప్రపంచంలో 501 రకాల ఉభయచరాలు దీనివల్ల తగ్గిపోయాయి. అందులో 90 రకాలు పూర్తిగా పోయాయనే అనుకుంటున్నారు. పశ్చిమ కనుమల కప్పల మీద కూడా ఈ శిలీంధ్రం కనిపించింది.

ఒక బలహీనత మాత్రం ఉంది దానికి. పూర్తిగా ఎండితే చస్తుంది. అందుకే నేను వలలూ బకెట్లూ ఒక చెరువు పని నుంచి ఇంకోదానికి మార్చేముందు ఎండలో బాగా ఆరబెడతాను. మన ఎండలు దీనికైనా పనికొస్తున్నాయి.

అపోహ: మన దేశపు కప్పే కదా, ఎక్కడ వదిలినా పుణ్యమే

వాస్తవం: బోదురుకప్ప సంగతి చూడండి. మన పొలాల కప్ప. దాని కాళ్లని ఒకప్పుడు విదేశాలకి విపరీతంగా ఎగుమతి చేశారు. కప్పలు తగ్గిపోతున్నాయని 1987లో కేంద్రం ఆపేసింది. మనకి అంత విలువైన ఈ కప్పే అండమాన్ దీవుల్లో పెద్ద తలనొప్పి అయింది. ఇక్కడి నుంచి వెళ్లిన చేపపిల్లల మధ్య దాని పిల్లలు కలిసిపోయి వెళ్లాయి. బోదురుకప్ప పిల్లలు మాంసం తింటాయి, తోటి కప్పపిల్లల్నే మింగేస్తాయి. పెద్దయ్యాక బల్లుల్నీ, కోడిపిల్లల్నీ కూడా వదలవు. అక్కడి చిన్న కప్పలకి ఇలాంటి శత్రువు ఎప్పుడూ తెలియదు.

ఒళ్లంతా బుడిపెలతో మన వరండాల్లో లైటు కింద పురుగులు తింటూ కూర్చునే కప్ప ఉంది కదా, అది మడగాస్కర్ రేవు ఊళ్లలోకి చేరిందని 2014లో బయటపడింది. దాని విషానికి అలవాటు లేని అక్కడి పాములు దాన్ని తింటే చచ్చిపోతాయి. అంటే తప్పు కప్పది కాదు, దాన్ని చేర్చిన చోటుది.

అపోహ: పసుపు కప్పలు విదేశీవి, విషపువి

వాస్తవం: ఏటా మొదటి వానకి వాట్సాప్‌లో ఈ వీడియో తిరుగుతుంది. నిమ్మపండు రంగులో కప్పలు, గొంతు కింద రెండు నీలం బుడగలు. అవి మగ బోదురుకప్పలు. జతకట్టే ఆ కొద్ది రోజులే ఆ రంగు, తర్వాత మామూలు ఆకుపచ్చ గోధుమ రంగుకి వచ్చేస్తాయి. దయచేసి రాళ్లు వేయకండి. వానల కోసం కప్పని రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకున్న ఊళ్లు మనవి. ఆ వాన వచ్చిన రోజే కప్పని కొట్టి చంపుతున్నారంటే నాకు నిజంగా ఏడుపొస్తుంది.

(బుడిపెల కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది కూడా తప్పు. పులిపిర్లు మనుషుల వైరస్ వల్ల వస్తాయి. కాకపోతే దాని కళ్ల వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, కుక్కని దాని జోలికి పోనివ్వకండి.)

అపోహ: తొట్టి అంచున తెల్ల నురగ కనిపిస్తే కడిగేయాలి

వాస్తవం: వద్దు! సబ్బు నురగనో సాలీడు గూడనో అనుకుని చాలామంది చీపురుతో గీకేస్తారు. అది చెట్టుకప్ప గూడు. నీళ్లకి పైన, తొట్టి లోపలి గోడకో వంగిన ఆకుకో అంటించి ఉంటుంది. పైపైన ఎండి అప్పడంలా గట్టిపడుతుంది, లోపల తడి ఆరదు. ఆ తడిలో గుడ్లు పొదుగుతాయి. కొన్ని రోజులకి అడుగు మెత్తబడి, పిల్లలు ఒక్కొక్కటే కింద నీళ్లలోకి జారిపడతాయి. ఒక ఆగస్టు పొద్దున మా కలువ తొట్టి దగ్గర కాఫీ చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.

బుడిపెల కప్ప గుడ్లు వేరేలా ఉంటాయి. జిగురు దారానికి నల్లపూసలు గుచ్చినట్టు పొడుగ్గా, మొక్కల కాడలకి చుట్టుకుని కనిపిస్తాయి. మొక్క ఎవరికైనా ఇచ్చేముందు కాడలు వేళ్లతో తడిమి చూసేది ఇందుకే.

అపోహ: దోమలకి కప్పపిల్లలో, గంబూసియా చేపలో వేస్తే సరి

వాస్తవం: తోకతో తిరిగే కప్పపిల్లల్లో ఎక్కువ రకాలు నాచు గీక్కుని తింటాయి. దోమల బాధ్యత వాటి మీద పెట్టలేం. గంబూసియా అమెరికా చేప, 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లల్ని తింటుంది, నిజమే. కప్ప గుడ్లనీ, పిల్లల్నీ కూడా తింటుంది. చెరువులోకి చేరితే వెనక్కి తీయడం ఎవరివల్లా కాదు.

నా పద్ధతి ఇది. చేపలు కావాలంటే ఒక తొట్టికే పరిమితం, ఆ నీళ్లు కాలువలోకి పోకూడదు. కప్పల కోసం ఇంకో తొట్టి, అందులో చేపలుండవు. దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పైన పడుతుంది కాబట్టి, వారానికి రెండుసార్లు టీ వడగట్టేదానితో ఆ పురుగుల్ని తీసి మట్టిలో వేస్తాను. తూనీగ పిల్లలు చేరాక ఆ పని కూడా తగ్గింది. డెంగీ టెన్షన్ ఉన్నవాళ్లు ముందు కుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కూలర్లు ఖాళీ చేయండి.

అపోహ: గుర్రపు డెక్క, అంతరతామర నీళ్లని శుభ్రం చేస్తాయి, మిగిలినవి చెరువులో వేసినా నష్టం లేదు

వాస్తవం: గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, విత్తనాలు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి. చెరువు మీద పరుచుకున్నాక వెలుతురు ఆగుతుంది, గాలి తగ్గుతుంది, కప్పపిల్లలు తినే నాచు కూడా పెరగదు. ఇంకోటి, మాన్సోనియా అనే దోమ పిల్లలు ఈ మొక్కల వేళ్లకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీల్చుకుంటాయి. పైకి రావు కాబట్టి మనకి కనబడవు.

నేను చేసిన తప్పూ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒకావిడకి కలువ ఇచ్చాను. వేళ్లలో సాల్వీనియా అనే నీటిమీద తేలే కలుపుమొక్క ముక్క ఒకటి ఇరుక్కుని వెళ్లింది. గోరంత. ఏడాదికి ఆవిడ తొట్టి నిండి, మిగిలింది ఊరి కోనేట్లో వేశారు. మనుషుల్ని పెట్టి రెండుసార్లు తీయించాం, ఇంకా వస్తూనే ఉంది. అప్పటి నుంచి ఏ మొక్కైనా విడిగా తేట నీళ్లలో రెండు వారాలు ఉంచాకే ఇస్తున్నాను.

పొన్నగంటి అనుకుని ఎలిగేటర్ వీడ్ అనే కలుపుమొక్కని పంచుకునేవాళ్లూ ఉన్నారు. తేడా తెలుసుకోవడం సులువు. పొన్నగంటికి తెల్లపూలు కణుపుకే అతుక్కుని ఉంటాయి. ఎలిగేటర్ వీడ్ పువ్వుకి పొడుగు కాడ ఉంటుంది, ముదిరిన కాండం విరిస్తే లోపల బోలు.

పంచుకోవాలంటే తామర గింజ ఇవ్వండి. పెంకు ఒక చివర అరగదీసి నీళ్లలో వేస్తే చాలు, మొలకెత్తుతుంది. పొడి గింజతో ఏ గుడ్డూ, నత్తా పోదు. దుంపైతే బురదంతా కడిగి, తడి న్యూస్‌పేపర్లో చుట్టి ఇవ్వండి. కడిగిన నీళ్లు కాలువలో కాదు, మొక్కల మొదట్లో పోయండి. తీసేసిన మొక్కల్ని మేడ మీద గలగలలాడేదాకా ఎండబెట్టి ఎరువులో కలపండి.

అపోహ: స్కూల్లో పిల్లలకి చూపించడానికి కూడా కప్పపిల్లల్ని తేకూడదు

వాస్తవం: తేవచ్చు, పిల్లలు చూడాలి కూడా. ఒక గిన్నెలో నాలుగైదు చాలు, తెచ్చిన కుంట నీళ్లతోనే. చేపల అక్వేరియంలో కలపకూడదు. రెండు మూడు రోజులయ్యాక ఆ నీళ్లతో సహా మళ్లీ అదే కుంటలో వదలాలి, దారిలో ఉన్న ఇంకో చెరువులో కాదు. ఇంట్లో తొట్టి కడగాల్సి వచ్చి అందులో గుడ్లు కనిపిస్తే, మీ ఇంట్లోనే పక్క తొట్టిలోకి మార్చండి. పక్క తొట్టి లేకపోతే కడగడం ఒక నెల ఆపండి. కాళ్లొచ్చిన పిల్లలు ఎక్కి బయటికి రావడానికి ఒక చెక్కముక్క ఏటవాలుగా పెట్టండి. నున్నటి ప్లాస్టిక్ టబ్బు గోడ మీద వాటి కాలు నిలవదు.